ఇడ్లీ స్టాండులో అర్జీ

రేవులపాడు పురపాలక సంఘం కార్యాలయంలో ఏ కాగితాన్నయినా మొత్తంగా చదవడం నిషేధించారన్న సంగతి సర్వారాయుడు మాస్టారికి తెలియదు. తెలిసి ఉంటే అర్జీని ఇంకా చిన్నదిగా రాసేవారు. ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పి రిటైరైన మనిషి, మాటల్ని పొదుపుగా వాడతారు. ఆ అర్జీలో ఉన్నది ఒక్కటే విన్నపం. మెయిన్ రోడ్డు మునిసిపల్ బడిలో ఒకటో తరగతి గదికి శుక్రవారం సున్నం వేస్తారట. మూడు గోడలకు వేసుకోండి, తలుపుకెదురుగా ఉన్న గోడను మాత్రం వదిలేయండి. ఆ గోడ మీద అక్షరాలన్నీ రాసి, అక్షరానికో బొమ్మ వేసింది ఆ తరగతి టీచరు మంగతాయారు.

మంగతాయారు ఆయన భార్య. పోయి నాలుగు నెలలైంది. ఈ సంగతి అర్జీలో లేదు.

సోమవారం పదిన్నరకు కిటికీ దగ్గర అటెండరు వీర్రాజు ఆ కాగితం అందుకుని, టోకెన్ నెంబరు నలభై ఒకటి చేతిలో పెట్టి, సొరుగులోంచి కత్తెర తీశాడు.

"అదేంటి వీర్రాజూ, కత్తిరిస్తున్నావు?"

"అక్షరాలు విడదియ్యాలి కదండి మాస్టారూ. ఆయ్. కొత్త పద్ధతండి." చక్కగా, అంచు చెదరకుండా మొదటి అక్షరం కోశాడు. "ఈ కత్తిరింపు తాయారు టీచరుగారు నేర్పిందేనండి. ఒకటో తరగతిలో పడవలూ, పూలూ కోయించేవారు కదండి."

మాస్టారు టోకెను జేబులో పెట్టుకున్నారు.

ఈ కొత్త పద్ధతికి ఒక చరిత్ర ఉంది. కమిషనర్ ప్రభంజనరావు గారు మార్చిలో మూడు రోజుల కంప్యూటర్ శిక్షణకు వెళ్ళారు. వచ్చిన అర్జీని తనంతట తాను చదివే ప్రోగ్రాం ఒకటి, సి అనే కంప్యూటర్ భాషలో రాసింది, అక్కడ అందరికీ పంచారు. మొత్తం పదకొండు పేజీలు. కమిషనర్ గారి వంతు వచ్చేసరికి జిరాక్స్ మెషీన్ ఆగిపోవడంతో ఆయనకు మొదటి పేజీ ఒక్కటే దక్కింది. అందులో ఉన్నవన్నీ సహాయక విధానాలు. రాబోయే అక్షరం ఏమిటో తొంగి చూడడానికొకటి. దాన్ని తీసుకోవడానికొకటి. తీసుకున్నాక, ఇది మనకిప్పుడు కాదు అని తేలితే తిరిగి పెట్టేయడానికొకటి. మధ్యలో వచ్చే ఖాళీలను దాటిపోవడానికొకటి. ఇంత చదివాక ఏం చెయ్యాలన్నది మిగతా పది పేజీల్లో ఉంది.

ఏప్రిల్‌లో పిడుగు పడి ఆఫీసులో ఉన్న ఒక్క కంప్యూటరూ కాలిపోయింది. కమిషనర్ గారు అధైర్యపడలేదు. పేజీకి ఫ్రేము కట్టించి తన కుర్చీ వెనక వేలాడదీయించారు. యంత్రం చేసే పనిని మనుషులు చెయ్యలేరా అని, ఒక్కో విధానానికి ఒక్కో ఉద్యోగిని నియమించారు. అక్షరాలను ముందుగా నింపి ఉంచుకునే పాత్ర ఒకటి ఉండాలని పేజీలో రాసి ఉంది, అందులో పదహారు గుంటలు ఉండాలని ఆయన లెక్క తేల్చారు. కింద క్యాంటీనులో పేరయ్య ఇడ్లీ స్టాండుకు నాలుగు రేకులు, రేకుకు నాలుగు గుంటలు. దాన్ని ప్రజాప్రయోజనార్థం స్వాధీనం చేసుకున్నారు.

ఆపైన సర్క్యులర్ వెలువడింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, కాగితమును మొత్తముగా చూచుట వలన అర్థము ముందే స్ఫురించి పక్షపాతమునకు దారితీయుచున్నది. కావున ఇకమీదట ఏ ఉద్యోగియు ఒక అక్షరమునకు మించి ముందుకు చూడరాదు. ఒక అక్షరమునకు మించి వెనుకకు పెట్టరాదు. చూచిన అక్షరమును మరియొక అక్షరముతో మనస్సునందు కలుపుకొనరాదు. ఆఫీసులోనికి వచ్చు కాగితమునకును, బయటకు పోవు కాగితమునకును ఇది సమానముగా వర్తించును."

వీర్రాజు నింపిన ఇడ్లీ స్టాండును పొడుగాటి బల్ల మీద పెట్టాడు. బల్ల వెనక నాలుగు కుర్చీలు. మొదటి కుర్చీలో చూపు అధికారి వనజ. ఆమె వంగి మొదటి గుంటలోకి చూసింది.

"గౌ" అంది.

పక్కనున్న తీత అధికారి ఆనందం గారు పట్టకారుతో ఆ ముక్కను తీసి, రిజిస్టరులో ఎక్కించి, "గౌ. తీయబడినది" అన్నారు. ఆనందం గారికి మరో మూడేళ్ళ సర్వీసుంది, తొందర లేదు. ఒక్కో అక్షరానికి నాలుగు నిమిషాలు పట్టింది. మూడో కుర్చీలో వాపసు అధికారి బుల్లబ్బాయి, తిరిగి పెట్టాల్సింది ఏమైనా వస్తుందేమోనని అరచెయ్యి చాపి కూర్చున్నాడు. "గౌరవనీయులైన" అన్నంత వరకూ సాఫీగా సాగింది. తర్వాత వనజ వంగి చూసి, నిటారుగా కూర్చుండిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నారు మాస్టారు కిటికీలోంచి.

"ఖాళీ వచ్చిందండి."

"కాగితం ముక్కే కదా. తీసి పక్కన పెట్టండి."

ఆనందం గారు కళ్ళద్దాలు తీసి ఆయన వంక చూశారు. "నేను తీసేది అక్షరాన్నండి. ఖాళీ నా పరిధిలోకి రాదు. రేపెవరైనా ఏ అక్షరం తీశావని అడిగితే ఏం చెప్పను?"

"మరి ఎవరి పరిధి?"

బుల్లబ్బాయి చాపిన చేత్తోనే నాలుగో కుర్చీ చూపించాడు. అందులో ఎవరూ లేరు. "దాటవేత అధికారి జనాభా లెక్కల డ్యూటీకి ఎల్లాడండి. ఆగస్టులో వస్తాడు."

"అంతవరకు?"

"అంతవరకు ఖాళీయేనండి."

మాస్టారు బెంచీ మీద కూలబడ్డారు. పక్కన సున్నం కాంట్రాక్టరు సూరన్న కూర్చుని ఉన్నాడు. అతని చేతిలో నలభై రెండో టోకెను. "మాస్టారూ, ఖాళీల్లేకుండా రాసెయ్యండి. నేనూ టైపిస్టు చేత మాటలన్నీ అంటించి కొట్టించాను" అన్నాడు ఒడిలోని కాగితం చూపిస్తూ.

"ఏం కాగితం సూరన్నా?"

సూరన్న కాస్త తటపటాయించాడు. "మీ బడేనండి. ఒకటో తరగతి గది. నాలుగు గోడలు, రెండేసి పూతలు. కమిషనరుగారి సంతకం అయిపోయింది. ఇక్కడ చదవబడినదని ముద్ర కొట్టేస్తే శుక్రవారం మొదలెట్టెయ్యడమే."

"అందులో ఒక గోడ..."

"టీచరుగారి బొమ్మల గోడే కదండి. నాకు తెలవదా. మా పిల్లలిద్దరూ ఆ గోడ చూసే దిద్దుకున్నారు." సూరన్న తల దించుకున్నాడు. "కానీ ఆర్డర్లో నాలుగని ఉందండి. ఒకటి వదిలేశాననుకోండి, ఆడిట్టోళ్ళు నన్ను తొట్లో ముంచి తీస్తారు. మీ అర్జీ మీద ఆర్డరేసుకుని రండి, మూడే ఏస్తాను. నాకేం బాధండి."

మాటకూ మాటకూ మధ్య వేలెడు చోటు వదలండర్రా అని ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు చెప్పిన మనిషి ఆ బెంచీ మీదే కూర్చుని, అర్జీనంతా ఒకే మాటగా తిరగ రాశారు. లెక్క పెడితే నాలుగు వందల అక్షరాలకు నాలుగు తక్కువయ్యాయి.

బుధవారం మధ్యాహ్నం గోడ కొలత దగ్గరికి వచ్చారు. పద్దెనిమిది అడుగుల గోడ అని చెప్పడానికి మాస్టారు అంకెలు వాడారు, పొదుపు కోసం. అంకెలు వస్తున్నప్పుడు అంకె కానిది వచ్చేదాకా తీస్తూ పోవాలని ఫ్రేములో ఉంది. ఆనందం గారు ఒకటి తీశారు, ఎనిమిది తీశారు, పదహారో గుంటలోంచి "అ" తీశారు. "అ" అంకె కాదు కాబట్టి వాపసుకు ఇచ్చారు. బుల్లబ్బాయి దాన్ని అందుకుని గుంటలో పెట్టబోయి ఆగిపోయాడు. స్టాండు ఖాళీ అయిందని వీర్రాజు అప్పటికే పదహారు గుంటలూ కొత్త అక్షరాలతో నింపేశాడు.

"ఎక్కడ పెట్టనండి?" అన్నాడు బుల్లబ్బాయి.

"వచ్చిన చోటనే పెట్టాలి" అన్నారు ఆనందం గారు.

"అక్కడింకొకటుందండి."

"దాన్ని ముట్టుకోకు. అది ఇంకా చూడబడలేదు."

బుల్లబ్బాయి "అ"ను రెండు వేళ్ళతో పట్టుకుని గంటన్నర నిలబడ్డాడు. అన్నం వేళయితే ఆనందం గారే కలిపి ముద్దలు పెట్టారు. మూడు గంటలకు కమిషనర్ గారు స్వయంగా వచ్చి, స్టాండు చుట్టూ ఒకసారి తిరిగి, అందరినీ మౌనంగా ఉండమని చెయ్యెత్తారు.

"ఈ సమస్య నిర్వహణాపరమైనది. పాత్రకు అదనముగా ఒక స్థానము ఉండవలెను. తిరిగి వచ్చు అక్షరమునకు అది తాత్కాలిక వసతి." పేరయ్యకు కబురు వెళ్ళింది. అతను చట్నీ గిన్నె పట్టుకుని వచ్చాడు. దాన్ని స్టాండు పై కొసన బోర్లా కాకుండా కూర్చోబెట్టి, "అత్యవసర ఏకాక్షర వసతి గృహము" అని చీటీ అతికించారు. బుల్లబ్బాయి "అ"ను అందులో పెట్టి, వేళ్ళు విదిలించుకున్నాడు. వనజ గిన్నెలోకి వంగి చూసి, "అ" అంది.

"సారూ, నా స్టాండు సంగతి" అన్నాడు పేరయ్య. "వారం నుంచీ ఉప్మాతోనే నెట్టుకొస్తున్నానండి. జనం తిడుతున్నారు."

"అర్జీ పెట్టుకోవయ్యా."

"పెట్టానండి. నలభై మూడో నెంబరండి. ఇప్పుడు గిన్నె కూడా పోయింది."

"గిన్నెకు వేరే అర్జీ."

గురువారం మాస్టారికి ఒక సందేహం వచ్చింది. చదువుతున్నారు సరే, చదివాక? కమిషనర్ గారి గదికి వెళ్ళి అదే అడిగారు.

"చదివాకనా?" అన్నారు ప్రభంజనరావు గారు, ఎవరూ ఇంతకు ముందు అడగని ప్రశ్న అన్నట్టు. "చదవబడినది అని ముద్ర వేస్తాం. అక్షరాలన్నీ వరుసగా అంటించి ఫైలు చేస్తాం. ఒక్క అక్షరం పోదు. ఆ హామీ నాది."

"నిర్ణయం ఎవరు తీసుకుంటారండి?"

"నిర్ణయము మిగతా పది పేజీల పరిధిలోనిది. వాటి నిమిత్తము జిల్లాకు రాశాము. వారు పంపించారు కూడాను."

"వచ్చాయా?"

"వచ్చాయి. టోకెన్ నెంబరు నలభై ఏడు."

మాస్టారు ఆ ఫ్రేము వంక చూశారు. "సూరన్న ఆర్డరుకు మాత్రం ముద్ర పడగానే పని మొదలవుతుంది కదండి."

"తప్పదు. దాని మీద నా సంతకము ముందే ఉన్నది."

"అయితే గోడ పోతుంది."

"గోడలు ఇంజనీరింగ్ విభాగము. మాది అక్షర విభాగము." కమిషనర్ గారు కొంచెం మెత్తబడ్డారు. ఆయన చెడ్డవాడు కాదు. "మీరు చదువు చెప్పినవారు గనుక చెబుతున్నాను. ఈ పేజీలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ముగింపు. కాగితం ఎప్పుడు ముగుస్తుంది అనుకుంటున్నారు?"

"సంతకంతో."

"చాలామంది ఇక్కడే పొరబడతారు మాస్టారూ. సంతకమూ అక్షరాలే. చుక్క కూడా అక్షరం వంటిదే. ముగింపు అనేది అక్షరం కాదు. దాన్ని గుంటలో పెట్టలేం, పట్టకారుతో తీయలేం. అందించేవాడి దగ్గర ఇక ఏమీ లేదు అని తేలినప్పుడు, అదీ ముగింపు. ఇక్కడ ఆ మాట ప్రకటించే అధికారం వీర్రాజు ఒక్కడికే ఉంది."

"పొడవుకు ఏమైనా పరిమితి ఉందా అండి?"

కమిషనర్ గారు లేచి, ఫ్రేము అద్దం మీద వేలు పెట్టి పై నుంచి కింది దాకా వెతికారు. "పేజీలో ఎక్కడా లేదు" అన్నారు.

మాస్టారు నమస్కారం పెట్టి వచ్చేశారు.

శుక్రవారం మూడున్నరకు ఆఖరి వాయి స్టాండులోకి ఎక్కింది. కార్యాలయం బయట సూరన్న మనుషులు సున్నం తొట్లు, కుంచెలు, రెండు నిచ్చెనలు రిక్షా మీద పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ముద్రకు సిరా అద్దారు. వనజ "రా" అంది, "యు" అంది, "డు" అంది. ఆనందం గారు మూడూ తీశారు. వనజ వంగి తర్వాతి గుంట చూసింది. అందులో ఏమీ లేదు. అందరూ వీర్రాజు వైపు తిరిగారు. వీర్రాజు గొంతు సవరించుకున్నాడు. సూరన్న తన కాగితం పట్టుకుని బెంచీ మీంచి లేచాడు.

"ఇంకో కాగితం ఉంది వీర్రాజూ" అన్నారు మాస్టారు.

కిటికీలోంచి ఒక అరఠావు లోపలికి వచ్చింది. వీర్రాజు దాన్ని అందుకుని, కమిషనర్ గారి తలుపు వైపు చూసి, మాస్టారి వైపు చూసి, కత్తెర తీశాడు. సూరన్న మళ్ళీ కూర్చున్నాడు. కొద్దిసేపటికి, సున్నం తొట్టి నీడలోకి లాగండర్రా అని బయటికి కేకేశాడు.

సోమవారం బడి తెరిచారు. పిల్లలు పాత గోడ ముందే కూర్చున్నారు.

మంగళవారం ఇంకో కాగితం వచ్చింది. ఆ మర్నాడు ఇంకొకటి. రోజుకు తొంభై, వంద అక్షరాలకు మించి ఆ స్టాండులో దిగవు. మూడు వరుసలు రాస్తే ఆ రోజుకు సరిపోతుంది. మాస్టారికి అది తగిన కొలత. పొద్దున్నే కాఫీ తాగి, ఆ మూడు వరుసలూ ఖాళీల్లేకుండా రాసుకుని, పదిన్నరకు కిటికీ దగ్గరికి వచ్చేవారు. విన్నపం అయిపోయింది గనుక, గోడ గురించి రాశారు. గోడ ఎత్తుకు తాయారు చెయ్యి అందకపోతే కరెంటాఫీసు వాళ్ళ నిచ్చెన అరువు తెచ్చిన సంగతి రాశారు. ఉడతకు తోక వేస్తూ వేస్తూ ఆవిడ కిటికీ తలుపు మీది దాకా పోయిన సంగతి రాశారు. ఏనుగును చూసి ఒక పిల్లాడు ఇది మా మావయ్య అన్నాడట. ఆ వేళ ఇంటికొచ్చి చెబుతూ నవ్వాపుకోలేక ఆవిడ చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. మాస్టారు ఆ చారు మాట్లాడకుండా తిన్నారు. అదీ రాశారు.

నలభై రెండో టోకెను కదలలేదు. సూరన్న మార్కెట్టు గోడల పని వేరే ఊళ్ళో చూసుకున్నాడు. రోజూ ఒకసారి వచ్చి, బెంచీ మీద కూర్చుని, "అయిందా అండి?" అనేవాడు. మాస్టారు లేదన్నట్టు తలూపితే, "తొందరేం లేదండి" అని లేచిపోయేవాడు. కమిషనర్ గారి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఒకే అర్జీని ఇరవై మూడు పనిదినాలుగా నిరాటంకంగా చదువుచున్న తొలి పురపాలక సంఘము మనదేనని జిల్లాకు నివేదిక తయారు చేశారు. దానికి టోకెన్ నెంబరు నలభై ఎనిమిది పడింది.

జులైలో ఒక మధ్యాహ్నం మాస్టారు బెంచీ మీద కూర్చుని ఉండగా బల్ల దగ్గర సందడి ఆగిపోయింది. వనజ గుంటలోకి వంగలేదు. ఒకసారి అటూ ఇటూ చూసి, లేచి కిటికీ దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, మిమ్మల్ని ఒకటడగొచ్చాండి?"

"అడగమ్మా."

"రూలు ప్రకారం నేను అక్షరాలు కలుపుకోకూడదండి. కలపట్లేదండి కూడాను. వాటంతటవే కలిసిపోతున్నాయి." ఆమె గొంతు తగ్గించింది. "సోమవారం నుంచీ 'ఙ' దగ్గరే ఉన్నారండి మీరు. ఆ అక్షరంతో మొదలయ్యే మాట తెలుగులో లేదని, ఏం బొమ్మ వెయ్యాలో తోచక టీచరుగారు మూడు రోజులు నిచ్చెన మీదే కూర్చున్నారని రాశారు. ఇంతకీ ఏం వేశారండి?"

ఆనందం గారు రిజిస్టరులోంచి తలెత్తలేదు గానీ, కలం కదలడం లేదు. బుల్లబ్బాయి చేతిలో ఒక అక్షరం చట్నీ గిన్నె మీద గాల్లోనే ఆగిపోయి ఉంది.

"రాస్తాను కదమ్మా" అన్నారు మాస్టారు.

"మీరు రాస్తారండి. ఈ వరసన అది గుంటలోకి దిగడానికి నాలుగు రోజులు పడుతుంది" అన్నారు ఆనందం గారు తలెత్తకుండానే. "మధ్యలో రెండో శనివారం, ఆదివారం. అంతవరకు ఈ పిల్ల ఆగేలా లేదు."

"మీరాగుతారేంటి" అంది వనజ. "పొద్దున్న నన్నెన్నిసార్లు అడిగారు, తర్వాతదేమైనా కనిపిస్తోందా అని?"

"నిన్న రాత్రి మా ఆవిడకి చెబితే, ఖాళీగా వదిలేసి ఉంటారంది" అన్నాడు బుల్లబ్బాయి. "నేను కాదన్నాను."

మాస్టారు ముగ్గురి వంకా చూశారు. ఆఫీసులో ఎవరూ ఆ కాగితాలు చదవడం లేదనే ఆయన ఇన్నాళ్ళూ రాస్తున్నారు. కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు, అవి మాసి లేకపోయినా.

"వెళ్ళి చూడండమ్మా" అన్నారు. "ఒకటో తరగతి గది. తలుపు తీస్తే ఎదురుగా ఉంటుంది. గోడ ఉంది కదా."

వనజ చెప్పులు వేసుకుంది. ఆనందం గారు పట్టకారును రిజిస్టరు మధ్యలో గుర్తుగా పెట్టి మూశారు. బుల్లబ్బాయి తన అక్షరాన్ని గిన్నెలో దింపి, వాళ్ళ వెనకాలే పరుగెత్తాడు.

పావుగంటకు కమిషనర్ గారు గదిలోంచి వచ్చి, ఖాళీ కుర్చీల ముందు నిలబడ్డారు. "ఏరీ వీళ్ళు?"

"చూడ్డానికెల్లారండి. ఆయ్" అన్నాడు వీర్రాజు.

"ముగ్గురూనా? చూచుట చూపు అధికారి విధి. తక్కిన ఇద్దరికి ఆ అధికారము ఎవరిచ్చారు?" ఆయన వెంటనే కుర్చీలో కూర్చుని, ఆ ఇద్దరి మీద చర్య తీసుకోవలసిందిగా ఘాటైన మెమో ఒకటి రాసి, సంతకం చేసి వీర్రాజుకిచ్చారు. వీర్రాజు దాన్ని రెండు చేతులా అందుకుని, టోకెన్ చింపి ఆయన చేతిలో పెట్టాడు. నలభై తొమ్మిది.

మాస్టారు ఆ రోజు ఇవ్వవలసిన మూడు వరుసలూ పొద్దున్నే ఇచ్చేశారు. అయినా వీర్రాజునడిగి ఒక తెల్లకాగితం తీసుకుని, బెంచీ మీద కుదురుగా కూర్చుని, మాటకూ మాటకూ మధ్య వేలెడు చోటు వదులుతూ రాయడం మొదలుపెట్టారు.